గంటకు 10 కిలోమీటర్ల దగ్గర సులువయ్యే విద్య

మొత్తం 1,320 నిమిషాలు. గంటల్లో చెప్పుకుంటే 22. అమెరికాలో మద్యపానానికి వ్యతిరేకంగా, మహిళల ఓటు హక్కు కోసం జీవితాంతం ఉద్యమించిన ఫ్రాన్సెస్ విలార్డ్‌కు సైకిల్ నేర్చుకోవడానికి పట్టిన సమయమిది. రోజుకు సగటున పావుగంట చొప్పున మూడు నెలలు. అప్పటికి ఆమె వయసు 53. తల్లి పోయిన దిగులు, సన్నగిల్లిన ఆరోగ్యం, నేలకు మూడంగుళాల ఎత్తున ఆగే గౌను. ఇన్నింటితోనూ నేర్చుకున్నారు. సైకిల్‌కు గ్లాడిస్ అని పేరు పెట్టుకుని, ఎలా నేర్చుకున్నదీ పూసగుచ్చినట్టు 1895లో ఒక చిన్న పుస్తకం రాశారు.

ఆమె ఒక్కరే కాదు. 1884లో మార్క్ ట్వేన్ దాదాపు 50 అంగుళాల ముందు చక్రం ఉన్న పాతకాలపు ఎత్తు సైకిల్ ఎక్కేనాటికి ఆయనకు 48 ఏళ్లు. టాల్‌స్టాయ్ 1895లో, చిన్న కొడుకు చనిపోయిన కొద్దికాలానికి, మాస్కోలో సైకిల్ నేర్చుకున్నారు. అది ఆయనకు 67వ ఏడు. ఇంకా వెనక్కి వెళితే, ప్రపంచంలో మొదటిసారి ఒకదాని వెనక ఒకటిగా రెండు చక్రాలున్న బండిని నడిపిన మనిషి జర్మనీకి చెందిన కార్ల్ డ్రైస్. 1817 జూన్ 12న మాన్‌హైమ్ ఊరి నుంచి బయల్దేరిన ఆయనకు 32 ఏళ్లు. సైకిల్ పుట్టిన తొలి రోజుల్లో నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లే. ఇది చిన్నప్పుడే రావాల్సిన విద్య అన్న మాట చాలా ఆలస్యంగా పుట్టింది.

మన దగ్గర ఆ మాట ఎంత గట్టిగా పాతుకుపోయిందో చెప్పనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది 50.4 శాతమైంది. అంటే సగం ఇళ్లు. అయితే సైకిల్ ఉన్న ఇంట్లో అందరికీ సైకిల్ వచ్చని కాదు. ఆ ఒక్క సైకిల్ మీద నాన్న పొలానికో పనికో వెళతాడు, సాయంత్రం అన్నయ్య కడ్డీ కింద నుంచి కాలు దూర్చి సగం తొక్కుడు మొదలెడతాడు. చెల్లెలు స్టాండు వేసి ఉన్నప్పుడు వెనక చక్రం తిప్పి సంబరపడుతుంది. ఆ చెల్లెలికి ఇప్పుడు నలభై ఐదేళ్లు. స్కూటీ కొనుక్కుందామంటే, నేర్పే ఆవిడ 'ముందు సైకిల్ బ్యాలెన్స్ వచ్చా?' అని అడుగుతోంది. మరోవైపు, అపార్ట్‌మెంట్లలో పెరిగి, హాస్టళ్లలో చదివి, ముప్ఫయ్యేళ్లు దాటినా సైకిల్ ఎక్కని మగవాళ్లకూ కొదవలేదు. వాళ్లు ఆ సంగతి బయటికి చెప్పరు, అంతే తేడా.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్లకు సైకిల్ రాకపోవడానికి వయసు కారణమైన సందర్భాలు తక్కువ. నేర్పే వరస తలకిందులుగా ఉండడమే అసలు కారణం. ఎందుకో అంకెలే చెబుతాయి.

అర సెకను, ఒక సెకను, సెకనున్నర

మనిషి కూర్చున్న సైకిల్ బరువంతా ఒకచోట ఉందనుకుంటే, ఆ బిందువు నేలకు సుమారు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. కింద ఆధారం రెండు టైర్లు నేలను తాకే సన్నటి గీత. పక్కకు ఒక డిగ్రీ వాలిన సైకిల్‌ను ఏమీ చేయకుండా వదిలేస్తే అర సెకనులో వాలు రెండు డిగ్రీలు దాటుతుంది. సెకను తిరిగేసరికి సుమారు పది డిగ్రీలవుతుంది. సెకనున్నరకు ఇక లేపలేనంత వాలిపోతుంది. కంటితో చూసి, చెయ్యి కదపడానికే మనిషికి పావు సెకను పడుతుంది. 'ఎటు వాలుతున్నాను, హ్యాండిల్ ఎటు తిప్పాలి' అని మనసులో అనుకుంటూ కూర్చుంటే ఇంకో అర సెకను పోతుంది. అందుకే ఆలోచించి సైకిల్ తొక్కడం కుదరదు. ఆలోచన లేకుండా చేతులు తమంతట తాము కదిలేదాకా సాధన చేయడమే నేర్చుకోవడమంటే.

చేతులు చేయాల్సిన పని ఒక్కటే. ఎటు వాలితే అటు హ్యాండిల్ తిప్పాలి. అరచేతిలో కర్రను నిలబెట్టేటప్పుడు కర్ర ఎటు పడబోతే చెయ్యి అటే జరుపుతాం కదా, సైకిల్ మీద జరిగేదీ అదే. వాలిన వైపు హ్యాండిల్ తిరిగితే చక్రాలు బరువు కిందికి వచ్చి చేరతాయి, సైకిల్ లేచి నిలబడుతుంది. కొత్తవాళ్లు భయంతో సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. కుడికి వాలగానే ఎడమకు లాగుతారు. అప్పుడు పడడం ఇంకాస్త తొందరగా జరుగుతుంది.

ఇక అసలు లెక్క. మూడు డిగ్రీలు వాలిన సైకిల్‌ను ఇంకా పడకుండా ఆపాలంటే హ్యాండిల్ ఎంత తిప్పాలి? చక్రాల మధ్య దూరం ఒక మీటరనుకుని లెక్క కడితే, గంటకు 5 కిలోమీటర్ల వేగంలో, అంటే నడక వేగంలో, సుమారు 15 డిగ్రీలు తిప్పాలి. 10 కిలోమీటర్ల వేగంలో 4 డిగ్రీలు చాలు. 15 కిలోమీటర్ల వేగంలో 2 డిగ్రీలు కూడా అక్కర్లేదు. వేగం రెట్టింపైతే తిప్పాల్సింది నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. నెమ్మదిగా వెళ్లేవాడి హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోవడం, జోరుగా వెళ్లేవాడి హ్యాండిల్ కదిలినట్టే కనిపించకపోవడం ఇందువల్లే.

కొత్తగా ఎక్కిన పెద్దవాళ్లకు ఎవరైనా చెప్పే మొదటి సలహా ఏమిటి? 'నెమ్మదిగా, నెమ్మదిగా.' ప్రేమతో చెప్పే మాటే. కానీ సైకిల్ మీద అన్నిటికన్నా కష్టమైన వేగం అదే.

2007లో బ్రిటన్, అమెరికా, నెదర్లాండ్స్ దేశాల శాస్త్రవేత్తలు నలుగురు కలిసి సైకిల్ కదలికల సమీకరణాలను ఒకచోట సరిచూసి ప్రచురించారు. వాళ్లు నమూనాగా తీసుకున్న సైకిల్ సెకనుకు 4.3 మీటర్ల నుంచి 6 మీటర్ల వేగం మధ్య ఎవరూ హ్యాండిల్ పట్టుకోకపోయినా తనంతట తానే నిలబడుతుందని తేలింది. గంటల లెక్కలో అది సుమారు 15.5 నుంచి 21.6 కిలోమీటర్లు. ఖాళీ సైకిల్‌ను గట్టిగా ముందుకు తోసి వదిలితే కొంత దూరం నిటారుగా వెళ్లి, వేగం తగ్గాకే పడిపోవడం చాలామంది చూసే ఉంటారు. చక్రాలు గిర్రున తిరగడం వల్లే సైకిల్ నిలబడుతుందని కాలేజీలో చెప్పిన జవాబు కూడా పూర్తిగా నిజం కాదు. ఆ ప్రభావాన్ని తీసేసినా నిలబడే ప్రత్యేకమైన సైకిల్‌ను కట్టి 2011లో 'సైన్స్' పత్రికలో చూపించారు. ఎవరూ లేని సైకిల్ కూడా వాలిన వైపు హ్యాండిల్‌ను తనే తిప్పుకుంటుంది. అంటే కాస్త వేగం ఇస్తే సగం పని సైకిలే చేసిపెడుతుంది. బిగదీసి పట్టుకున్న చేతులు ఆ పనికి అడ్డుపడతాయి.

భయానికీ లెక్క ఉంది

పిల్లలు పడతారు, లేస్తారు, దులుపుకుంటారు. పెద్దవాళ్లు పడరు, ఎందుకంటే ఎక్కరు. దీన్ని పిరికితనమని ఎగతాళి చేయడం తేలిక. కానీ 20 కిలోల పిల్లాడూ 60 కిలోల మనిషీ పక్కకు ఒరిగిపోతే నేలను తాకే శక్తిలో తేడా నాలుగున్నర రెట్లు. బరువు మూడింతలు, అది పడే ఎత్తు ఒకటిన్నర రెట్లు. ఒక మీటరు ఎత్తు నుంచి పడిన తల గంటకు 16 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది, ఒకటిన్నర మీటర్ల నుంచి పడితే అది దాదాపు 20 అవుతుంది. ఇందులో సైకిల్ ఎంత వేగంగా పోతోందన్నదానికి పాత్ర లేదు, ఎత్తుదే అంతా. నిలబడి ఉన్న సైకిల్ మీద నుంచి పడినా తగిలే దెబ్బ తగులుతుంది. పైగా పిల్లాడికి మోకాలు చీరుకుపోతే బడికి ఒక రోజు సెలవు, ఇల్లు నడిపే మనిషికి మణికట్టు విరిగితే ఆరు వారాలు వంట, ఉద్యోగం అన్నీ ఆగిపోతాయి.

కాబట్టి భయపడొద్దని చెప్పడం వల్ల ఉపయోగం లేదు. పడే అవకాశాన్నే తీసేయాలి. దానికి మార్గం చాలా చిన్నది. రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనేంత కిందికి సీటు దించడం. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి నేల నుంచి తొడల మధ్య దాకా సుమారు 73 సెంటీమీటర్లు ఉంటుంది. మనకు అలవాటైన 28 అంగుళాల చక్రాల నల్ల సైకిల్, అందులోనూ 22 అంగుళాల ఫ్రేముది, సీటు ఎంత దించినా 90 సెంటీమీటర్ల చేరువలోనే ఆగుతుంది. 17 సెంటీమీటర్ల తేడా, జానెడుకు కాస్త తక్కువ. మన ఊళ్లలో ఎంతమంది పెద్దవాళ్ల సైకిల్ ముచ్చట ఆ జానెడు దగ్గర ఆగిపోయిందో! నేర్చుకోవడానికి కావాల్సింది చిన్న సైకిల్. మధ్యలో కడ్డీ లేని, 24 అంగుళాల చక్రాల అమ్మాయిల సైకిల్ అయితే మరీ మంచిది. నేర్చుకునేది మగవాళ్లయినా సరే, కొన్నాళ్లు పరువు పక్కన పెట్టాలి.

పెద్ద బుర్రకు కొత్త విద్య ఎక్కదన్న మాటకు రుజువుగా ఒక ప్రయోగాన్ని తరచూ చూపిస్తుంటారు. అమెరికన్ ఇంజినీరు డెస్టిన్ శాండ్లిన్ హ్యాండిల్ కుడికి తిప్పితే చక్రం ఎడమకు తిరిగేలా సైకిల్ చేయించుకున్నాడు. అది తొక్కడం రావడానికి ఆయనకు 8 నెలలు పట్టింది, ఆయన చిన్న కొడుక్కి సుమారు 2 వారాలు. 2015లో ఆయన పెట్టిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూసి నిరుత్సాహపడేవాళ్లు ఒక సంగతి గమనించరు. శాండ్లిన్‌కు కొత్తది నేర్చుకోవడం కాదు, పాతికేళ్ల పాత అలవాటును చెరిపేసుకోవడం కష్టమైంది. అసలు సైకిలే ఎక్కనివాళ్లకు చెరపాల్సింది ఏమీ లేదు.

పెడళ్లు తీసేయండి

ఇప్పుడు వరస సంగతి. మన పద్ధతిలో ఒకరు వెనక క్యారియర్ పట్టుకుంటారు, ఎక్కినవాళ్లు మొదటి క్షణం నుంచే తొక్కాలి, హ్యాండిల్ చూసుకోవాలి, బ్రేకు మీద వేళ్లు పెట్టాలి, వెనకాల మనిషి వదిలేశాడేమోనని అనుమానించాలి. నాలుగు పనులు ఒకేసారి. వెనక పట్టుకున్న మనిషి సైకిల్‌ను వాలనివ్వడు. వాలకపోతే, వాలిన వైపు తిప్పడమనే ఒక్కగానొక్క పాఠం చేతులకు అందదు. పిల్లల సైకిళ్లకు బిగించే పక్క చక్రాలు చేసే నష్టం కూడా ఇదే. పోర్చుగల్‌లో జరిపి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పెడళ్లు లేని చిన్న సైకిల్‌తో మొదలుపెట్టిన పిల్లలు సగటున నాలుగేళ్లు దాటగానే సొంతంగా తొక్కితే, పక్క చక్రాలతో మొదలుపెట్టినవాళ్లు ఆరేళ్ల దగ్గర తొక్కారు. విలార్డ్ కూడా పక్కన మనుషులు పట్టుకుని నడిపిస్తుంటేనే మొదలుపెట్టారని గుర్తు పెట్టుకోవాలి.

పెద్దవాళ్లకూ అదే మందు. పెడళ్లు విప్పేయడం. సైకిల్ షాపులో 15 నంబరు పానాతో ఐదు నిమిషాల పని. సొంతంగా విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది. మామూలు మరలు విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. పెడళ్లు పోయాక మిగిలేది అచ్చంగా కార్ల్ డ్రైస్ 1817లో నడిపిన బండే. ఆయన బండికీ పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ సాగడమే. ఆయన మొదటి రోజు పోనూ రానూ కలిపి 13, 14 కిలోమీటర్లు గంట లోపే తిరిగొచ్చాడని చెబుతారు.

ముందు కూర్చుని నడవాలి. బరువంతా సీటు మీదే, పాదాలు నేల మీద. ఇది పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది, విసుగు పుట్టడమే మంచి గుర్తు. తర్వాత రెండు కాళ్లతో ఒకేసారి నేలను తన్ని, పాదాలు ఎత్తి, సైకిల్ సాగినంత దూరం సాగనివ్వాలి. మొదట ఒక సెకను, తర్వాత రెండు, మూడు. ఇక్కడే చేతులు పాఠం నేర్చుకుంటాయి, మనకు తెలియకుండానే. చూపు ముందు చక్రం మీద కాకుండా పది మీటర్ల అవతల ఉండాలి. స్థలం దొరికితే కొద్దిపాటి వాలు వెతకండి. వంద మీటర్లకు రెండు మీటర్లు దిగే వాలు మీద, గట్టి నేలైతే, యాభై మీటర్లు సాగేసరికి సైకిల్ ఏ ప్రయత్నం లేకుండా గంటకు 10 కిలోమీటర్లు అందుకుంటుంది. పైన చెప్పుకున్న నాలుగు డిగ్రీల సుఖం అక్కడ అనుభవంలోకి వస్తుంది. బ్రేకులు మాత్రం ముందు సరిచూసుకోవాలి, రెండూ కలిపి మెత్తగా నొక్కడం వాలు ఎక్కకముందే నేర్చుకోవాలి. ఎర్రమట్టి గ్రౌండ్ అయితే పడినా దయగా ఉంటుంది గానీ చక్రం దిగబడుతుంది. బాగా అణిగిన నేల, పాఠశాల ఆవరణలో సిమెంటు మైదానం, ఖాళీ లేఅవుట్‌లో తారు రోడ్డు, ఏదైనా సరే. టైర్లలో గాలి నిండుగా ఉండాలి. గాలి తక్కువైన సైకిల్ సాగదు, సాగకపోతే వేగం రాదు, వేగం రాకపోతే కథ మళ్లీ మొదటికి.

పాదాలెత్తి ఐదారు సెకన్లు నిటారుగా సాగడం, కాస్త వంపు తిరగడం వచ్చాక పెడళ్లు పెట్టించుకోండి. అప్పుడు తొక్కడమన్నది చాలా చిన్న పని. ముందు చైన్ వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్న పెద్ద సైకిల్ ఒక చుట్టు తొక్కితే దాదాపు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. ఆ లెక్కన నిమిషానికి 30 చుట్లు, అంటే రెండు సెకన్లకు ఒక చుట్టు తొక్కితే గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. ఎవరికీ ఆయాసం రాదు. బయల్దేరేటప్పుడు ఒక పెడల్ గడియారంలో రెండు అంకె ఉండే చోట పెట్టుకుని గట్టిగా నొక్కితే మొదటి ఊపు చాలినంత వస్తుంది. చాలామంది బ్యాలెన్స్ వచ్చాక కూడా ఈ బయల్దేరడం దగ్గరే తికమకపడతారు. విలార్డ్ కూడా తను నేర్చుకున్న వరసలో ఎక్కడాన్ని చిట్టచివర చెప్పుకున్నారు.

న్యూయార్క్‌లో 'బైక్ న్యూయార్క్' సంస్థ పెద్దవాళ్లకు ఉచితంగా నడిపే తరగతుల్లో ఇదే వరస: సీటు దించు, పెడళ్లు తీయి, సాగు, తర్వాతే తొక్కు. అటు న్యూజెర్సీ వైపు పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఇంట్లో ఊసుపోక ఉండే మన అమ్మానాన్నలకు ఇది పనికొచ్చే కబురు. ఇలా నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదటి పూటలోనే కొద్ది దూరం తొక్కేస్తారు, కొందరికి నాలుగైదు పూటలు కావాలి. అరవై దాటినవాళ్లకు ఇంకొన్ని. కళ్లు తిరిగే జబ్బు, ఎముకలు గుల్లబారడం, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

పుదుక్కోట్టై లక్ష

ఇదంతా ఒకరిద్దరి ముచ్చట అనుకునేవాళ్ల కోసం ఒక పెద్ద అంకె ఉంది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా, 1991. అప్పటికి జిల్లా జనాభా 13 లక్షల పైచిలుకు. పేద జిల్లా, రాతి క్వారీలు, వ్యవసాయ కూలి. 'అరివొళి ఇయక్కం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోపాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పడాన్ని కూడా ఉద్యమంలో భాగం చేశారు. ఊరూరా చదువు చెప్పడానికి తిరగాల్సిన మహిళా కార్యకర్తలకు బస్సు కోసమో, మగవాళ్ల కోసమో ఎదురుచూసే పని తప్పాలన్నది ఒక కారణం. ఆడవాళ్లకు సైకిల్ కొనుక్కోవడానికి బ్యాంకు రుణాలు ఇప్పించారు.

తర్వాత జరిగింది పాలగుమ్మి సాయినాథ్ తన ఇంగ్లిషు వార్తా కథనాల్లో, 1996లో వచ్చిన పుస్తకంలో నమోదు చేశారు. లక్ష మందికి పైగా గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. పదేళ్ల లోపు పిల్లల్ని మినహాయిస్తే జిల్లాలోని పల్లె ఆడవాళ్లలో నాలుగో వంతు కన్నా ఎక్కువ. డెబ్బై వేల మందికి పైగా నలుగురి ముందూ పోటీల్లో, ప్రదర్శనల్లో తొక్కి చూపించారు. 1992 మహిళా దినోత్సవం తర్వాత జిల్లా కేంద్రంలో 1,500 మంది ఆడవాళ్లు హ్యాండిళ్లకు జెండాలు కట్టుకుని బెల్లు కొడుతూ ఊరేగితే ఊరు ఊరంతా బిత్తరపోయి చూసింది. ఒక సైకిల్ డీలరు ఏడాదిలో లేడీస్ సైకిళ్ల అమ్మకం 350 శాతం పెరిగిందని చెప్పాడు. అవి దొరకనివాళ్లు మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. కొందరు కావాలనే కొన్నారు, ముందు కడ్డీ మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకోవచ్చని.

ఆ లక్ష మందిలో పొలం పని చేసేవాళ్లు, క్వారీ కూలీలు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు ఉన్నారు. చీరల్లో, పావడాల్లో నేర్చుకున్నారు. మగవాళ్ల వెకిలి మాటలు వింటూ నేర్చుకున్నారు. ఖాళీ దొరికేది సాయంత్రాలు, సెలవు రోజులు మాత్రమే. శిక్షణ శిబిరాల్లో ఆదివారం పూట గుంపులు గుంపులుగా వచ్చేవారు, నేర్చుకున్నవాళ్లే మర్నాటికి నేర్పేవాళ్లయ్యారు. వాళ్ల చేతికి వచ్చిన లాభం డబ్బుల్లోనూ ఉంది. బస్సు కోసం ఆగకుండా ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకోవచ్చు, నీళ్లు తెచ్చుకోవచ్చు, పిల్లల్ని బడిలో దింపి పనికి పోవచ్చు. అయితే అందరూ ముందుగా చెప్పిన లాభం అది కాదని సాయినాథ్ రాశారు, ఒకరి మీద ఆధారపడకుండా బతకగలమన్న ధైర్యాన్ని చెప్పారట. నాకు మాత్రం రోజుకు మిగిలిన గంటలే పెద్ద లాభంగా కనిపిస్తాయి, ధైర్యం ఆ గంటల్లోంచి వచ్చిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అలాంటి అక్షరాస్యతా ఉద్యమమే మన నెల్లూరు జిల్లాలో నడిచింది. అక్కడ దూబగుంట నుంచి మొదలై సారా వ్యతిరేక పోరాటం పుట్టింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పుదుక్కోట్టైలో సైకిల్, నెల్లూరులో సారా. రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు రెండు చోట్లా తమకు అడ్డంగా ఉన్నదాన్నే ముందు పట్టుకున్నారు. నెల్లూరు కథ మనకు పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది, పుదుక్కోట్టై కథ పక్క రాష్ట్రంలోనే ఉండిపోయింది.

రోడ్డు మీదికి ఎప్పుడు?

తొందరేం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో సైకిల్ మీద ఉన్నవాళ్లు 4,836, అంటే 2.9 శాతం. ఆ అంకెలో ఎక్కువమంది సైకిల్ రానివాళ్లు కాదు, సైకిల్‌కు చోటు లేని రోడ్ల మీద వెళ్లినవాళ్లు. కొత్తవాళ్లు అక్కడికి పోయే ముందు మూడు పనులు రావాలి. ఒక చెయ్యి వదిలి సైగ చేయడం, తిన్నగా పోతూనే భుజం మీదుగా వెనక్కి చూడడం, అనుకున్న చోట ఆగడం. చివరిదానికి లెక్క ఉంది. ప్రమాదం చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 10 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి మొత్తం 4 మీటర్లు కావాలి, 15లో 7, 20లో దాదాపు 11. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ. మైదానంలో సున్నంతో గీత గీసి, ముందు చక్రం గీత దాటకుండా ఆపడం సాధన చేయండి.

హెల్మెట్, కాలికి షూ తప్పనిసరి. చీర కట్టుకునేవాళ్లు, వదులు ప్యాంటు వేసుకునేవాళ్లు చైన్ కవర్ లేని సైకిల్ ముట్టుకోవద్దు. హైదరాబాద్ వాళ్లకు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023 అక్టోబరు 1న తెరిచిన ట్రాక్ ఉంది. తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు, 4.5 మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ, మోటారు బండ్లు రావు. తొక్కడం వచ్చి, రోడ్డంటే ఇంకా జంకు పోనివాళ్లకు అంతకన్నా మంచి చోటు మన రెండు రాష్ట్రాల్లో నాకు కనిపించలేదు. మిగతా ఊళ్లలో తెల్లవారుజామునే దిక్కు.

ఒంటికి జరిగే మేలు గురించి రెండు ముక్కలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. తీరిగ్గా తొక్కే సైకిల్ ఆ లెక్కలోకి వస్తుంది. 60 కిలోల మనిషి నెమ్మదిగా తొక్కినా గంటకు 240 కేలరీల చేరువలో ఖర్చవుతాయి. మోకాళ్ల మీద ఒంటి బరువు పడదు కాబట్టి, నడక కష్టమైనవాళ్లు కూడా తొక్కగలుగుతారు.

ఇక మిగిలింది సైకిల్. ఆడపిల్లల చేతికి సైకిల్ ఇస్తే ఏం జరుగుతుందో బీహార్ చూపించింది. 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు తలా 2,000 రూపాయలు సైకిల్ కోసం ఇచ్చిన పథకం వల్ల హైస్కూల్లో వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లు అందాయి. అలా వచ్చిన సైకిళ్లలో చాలా వాటికి మధ్యలో కడ్డీ ఉండదు, సీటు కిందికి దిగుతుంది. పెద్దవాళ్లు నేర్చుకోవడానికి కావాల్సిన కొలత సరిగ్గా అదే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటిది గోడకు ఆనించి ఉంటే, ఆదివారం పొద్దున్నే టైర్లకు గాలి కొట్టించి పెడళ్లు విప్పించండి. అమ్మను, అత్తయ్యను, సైకిల్ రాదని ఎవరికీ చెప్పని బాబాయిని దాని మీద కూర్చోబెట్టండి. బడి మైదానం ఆదివారం ఎలాగూ ఖాళీయే. గేటు తీసి ఉంచమని హెడ్‌మాస్టరు గారిని ముందు రోజే అడిగి పెట్టుకోండి.